సెప్సిస్ ఎలుకలు: ఏది చనిపోతుందో ముందే తెలిస్తే ఎక్కడ ఆపాలి?

తార్నాక_స్కాలర్
మా ల్యాబ్‌లో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే జబ్బు) మోడల్ నడుస్తోంది, అంటే ఎలుకలకి ఆ జబ్బు తెప్పించి చూడటం. ఎలుకల పొట్టలోకి బ్యాక్టీరియా ఎక్కిస్తాం, కొన్నిటికి మందు ఇస్తాం, వారం రోజుల్లో ఎన్ని బతికాయో లెక్క రాస్తాం. ప్రోటోకాల్‌లో ఎండ్‌పాయింట్ (ఒక్కో ఎలుకకి ప్రయోగం ఎక్కడ ఆపాలి) దగ్గర "మరణం" అని ఒక్క మాటే ఉంది. పొద్దున్నే కేజ్‌లు తెరిస్తే కొన్ని చనిపోయి ఉంటాయి, కొన్ని మూలన ముడుచుకుని రోమాలు నిక్కబొడుచుకుని ఉంటాయి. రెండో రకాన్ని అలాగే వదిలేసి, పోయిన టైమ్ రాసుకోవాలి. సాయంత్రం దాకా ఉండదని చూడగానే తెలుస్తూనే ఉంటుంది, అయినా వదిలేయాలి. ఆ గదిలోకి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది.

గైడ్‌ని అడిగితే "సర్వైవల్ కర్వ్ (ఏ రోజుకి ఎన్ని బతికున్నాయో చూపే గ్రాఫ్) లేకపోతే పేపర్ రివ్యూయర్లు ఒప్పుకోరు, మధ్యలో మనమే చంపేస్తే అది సర్వైవల్ ఎట్లా అవుతుంది?" అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు, అలవాటైన పద్ధతి అంతే. ఏ ఎలుక చనిపోతుందో ముందే నమ్మకంగా చెప్పగలమా? చెప్పగలిగితే అక్కడ ఆపేసినా డేటా నిలబడుతుందా? ఆయనకి చూపించడానికి గట్టి కారణాలు కావాలి.

తుర్కపల్లి_షటిల్
వారం రోజుల సర్వైవల్, ఎండ్‌పాయింట్ మరణం. ఇది ఎథిక్స్ కమిటీలో ఎట్లా పాసైంది??

తార్నాక_స్కాలర్
పాత ప్రోటోకాల్‌నే రెన్యూ చేస్తూ వచ్చారు. నేను చేరేటప్పటికే ఉంది.

ఎలుకల_వెట్
మొదటి ప్రశ్నకి జవాబు అవును, చెప్పగలం. నూటికి నూరు కాదు, కానీ మీ గైడ్ అనుకుంటున్న దానికంటే చాలా ఎక్కువ నమ్మకంగా.

అన్నిటికంటే బాగా పనికొచ్చేది ఒంటి వేడి. మామూలుగా ఎలుకకి 36.5 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటుంది. మనకి ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం వస్తుంది కదా, ఎలుకకి సెప్సిస్ ముదిరితే ఒళ్లు చల్లబడుతుంది. చిన్న శరీరం, బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, అందుకని వేడి త్వరగా పోతుంది. మనం ఏసీ పెట్టి 22 దగ్గర ఉంచే గది మనకి హాయిగా ఉంటుంది, ఎలుకకి మాత్రం 30 దగ్గరైతేనే సుఖం. అంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే అది చాలా శక్తి ఖర్చు పెడుతోంది. జబ్బు ముదిరాక ఆ ఖర్చు భరించలేదు. చాలా బ్యాక్టీరియా మోడల్స్‌లో వేడి 30కి అటూ ఇటూ పడిపోయి అక్కడే ఉండిపోతే ఇక లేవడం అరుదు. కచ్చితమైన అంకె ఎలుక స్ట్రెయిన్‌ని (రకాన్ని) బట్టి, బ్యాక్టీరియాని బట్టి, ఏ పరికరంతో కొలిచారన్న దాన్ని బట్టి మారుతుంది. పేపర్లో చూసి కాపీ కొట్టకండి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1992లోనే సూటిల్, మోర్టన్, అహ్మద్ అనే ముగ్గురు బ్యాక్టీరియా తీవ్రతని కొలవడానికి సగం ఎలుకల్ని చంపే డోసు బదులు సగం ఎలుకల ఒళ్లు చల్లబరిచే డోసు వాడొచ్చని చూపించారు. చావు దాకా వెళ్లకుండానే అదే సమాచారం వచ్చింది.

పీ_విలువ
వెట్ గారితో చాలావరకు ఒప్పుకుంటాను, కానీ "చెప్పగలం" అనే మాట దగ్గర కొంచెం ఆగాలి.

ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) ఇచ్చిన ఎలుకల ఒళ్లు మొదటి కొన్ని గంటల్లో బాగా చల్లబడుతుంది. డోసు తక్కువైతే తర్వాత లేచి తిరుగుతాయి. అసలు ఏ జబ్బూ లేని ఎలుక కూడా తిండి లేకపోతే టార్పర్‌లోకి (శక్తి ఆదా చేసుకునే మగత స్థితి) జారి 31 కిందికి పోతుంది, మళ్లీ మామూలైపోతుంది. సెప్సిస్ ఎలుక ఎలాగూ తినదు. ఒక్క రీడింగ్ చూసి నిర్ణయిస్తే బతికేవాటిని కూడా తీసేస్తారు. మీ మందు బాగా పనిచేసే మందైతే అన్యాయం దానికే, ఎందుకంటే కిందికి పడి లేచే ఎలుకలు ఎక్కువగా మందు గ్రూపులోనే ఉంటాయి. తేడా ఉన్నా కనిపించకుండా పోతుంది.

అందుకని విరామం ఇచ్చి వరుసగా రెండు రీడింగులు గీత (ఆపాలని ముందే పెట్టుకున్న వేడి అంకె) కింద ఉండాలి, దానికి తోడు బరువో ప్రవర్తన స్కోరో చెడాలి. గీత ఎక్కడన్నది ముందు చిన్న పైలట్‌లో (కొద్ది ఎలుకలతో ముందస్తు ప్రయోగం) తేల్చుకోవాలి. ఇంకోటి, మీ మందే ఒంటి వేడిని దించే రకమైతే, మత్తుమందుల్లాగా, వేడిని ఒంటరిగా నమ్మడానికి అస్సలు లేదు.

ఎలుకల_వెట్
ఒప్పుకుంటున్నా. మొదటి గంటల్లో పడే వేడికీ, ఒకటి రెండు రోజులయ్యాక పడే వేడికీ తేడా ఉంది. నేను చెప్పింది రెండో దాని గురించి, అది రాయాల్సింది.

కేజ్_కార్డు
నేను యానిమల్ హౌస్‌లో పనిచేస్తాను. పెద్ద చదువులు లేవు, కానీ రోజూ వీటితోనే ఉంటాను. థర్మామీటర్ కంటే ముందు మాకు తెలుస్తుంది, నమ్మండి.

మొదట గూడు చూడండి. టిష్యూ పేపర్ వేస్తే బాగున్న ఎలుక రాత్రికి చింపి, మెత్తగా చేసి గూడు కట్టుకుంటుంది. జ్వరం వచ్చిన పిల్లాడు ఆట మానేసినట్టు ఇది గూడు పని మానేస్తుంది. పేపర్ పొద్దున అలాగే ఉంటే ఆ కేజ్ మీద కన్నేసి ఉంచుతాం. తర్వాత, మిగతావన్నీ ఒకదాని మీద ఒకటి పడుకుంటే ఇది విడిగా పడుకుంటుంది. మూత తీస్తే మామూలుగా అన్నీ ఉలిక్కిపడి పరిగెడతాయి, ఇది తల కూడా ఎత్తదు. చేతిలోకి తీసుకుంటే చల్లగా తగులుతుంది, కాళ్లతో పట్టుకోదు. పక్కకి పడుకోబెడితే లేవలేకపోతే ఇక గంటలే.

మేము రిజిస్టర్‌లో రాస్తాం. రాసింది ఎవరు చదువుతారు? స్కాలర్ పదింటికి వస్తారు, సార్ మధ్యాహ్నం వస్తారు. "సార్ వచ్చేదాకా ముట్టుకోవద్దు" అని ఉంటుంది. ఈలోపు అది పోతుంది. ఎప్పుడు ఆపాలో తెలియక కాదు ఇదంతా. ఆపే అధికారం ఆ టైమ్‌లో అక్కడ ఉన్న మనిషికి లేదు.

తుర్కపల్లి_షటిల్
@కేజ్_కార్డు అన్నా, ఈ మాట ప్రింట్ తీసి మా ఫెసిలిటీ గోడకి అంటిస్తున్నా.

న్యూరో_నల్లకుంట
పక్కకి పడుకోబెట్టడం గురించి కేజ్_కార్డు గారు చెప్పింది మా ఫీల్డ్‌లో అధికారిక ఎండ్‌పాయింటే. ఏఎల్‌ఎస్ (కండరాల్ని కదిలించే నరాలు చచ్చిపోయే జబ్బు) మోడల్ అయిన ఎస్‌ఓడీ1 జన్యువు మార్చిన ఎలుకల్లో సర్వైవల్ అని రాసేది చాలా పేపర్లలో నిజమైన చావు కాదు. పక్కకి పడుకోబెడితే 30 సెకన్లలో లేవలేకపోయిన రోజు. అక్కడ ఆపేస్తారు, కర్వ్ గీస్తారు, మంచి జర్నల్స్‌లోనే వస్తాయి. "మధ్యలో చంపితే సర్వైవల్ ఎట్లా" అన్న మీ గైడ్‌కి ఒక జవాబు ఇది.

బ్యాచ్_రిలీజ్
ఇక్కడ అందరూ యూనివర్సిటీ వాళ్లలా మాట్లాడుతున్నారు. నేను వ్యాక్సిన్ క్వాలిటీ కంట్రోల్‌లో ఉన్నాను. రేబిస్ వ్యాక్సిన్ పొటెన్సీ (ఎంత బలంగా పనిచేస్తుందన్న) టెస్ట్ అంటే వ్యాక్సిన్ ఇచ్చిన ఎలుకలకి మెదడులోకి వైరస్ ఎక్కించి 14 రోజులు చూడటం. ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి అన్న లెక్క మీదే బ్యాచ్ బయటికి వెళ్తుంది. ఆ వ్యాక్సిన్ కుక్క కరిచిన పిల్లాడికి వేస్తారు. "ఇది చనిపోయేలా ఉంది" అని మన అంచనాతో తీసేస్తే, రేపు బ్యాచ్ తేడా వస్తే ఎవరిది బాధ్యత? ఆడిటర్ ముందు కూర్చుని "ఒళ్లు చల్లగా తగిలింది సార్" అని చెప్పలేం.

ఎలుకల_వెట్
మీ భయం న్యాయమైనదే. కానీ రేబిస్‌లో ఇంకా సులువు, ఎందుకంటే ఆ జబ్బు మెట్లు మెట్లుగా వస్తుంది. రోమాలు చెదరడం, వీపు గూనిలా వంగడం, నడక మందగించడం, తర్వాత గుండ్రంగా తిరగడం, వణుకు, ఫిట్స్, ఆపైన పక్షవాతం. సరిగ్గా ఎక్కించిన ఎలుకకి ఈ నరాల లక్షణాలు మొదలయ్యాక అది వెనక్కి రాదు. యూరోపియన్ ఫార్మకోపియా (యూరప్ మందుల ప్రమాణాల గ్రంథం) ఆ లక్షణాలనే ఎండ్‌పాయింట్‌గా తీసుకోవచ్చని ఒప్పుకుంది. ఫిట్స్ వచ్చిన ఎలుకని పక్షవాతం దాకా, అక్కడి నుంచి చావు దాకా ఉంచితే మీ పొటెన్సీ లెక్కకి కొత్తగా వచ్చేది ఏమీ లేదు.

ఆడిటర్‌కి "చల్లగా తగిలింది" అని చెప్పక్కర్లేదు. "ఫిట్స్ దశ లక్షణం, ఇద్దరు విడివిడిగా చూసి సంతకం పెట్టారు" అని రికార్డు చూపించండి.

బ్యాచ్_రిలీజ్
ఇద్దరు సంతకం అనేది చేయొచ్చు. కానీ ఒక్కో దేశానికి ఒక్కో ఫైల్ పంపాలి. ఒకరు ఒప్పుకున్నది ఇంకొకరు ఒప్పుకోరు. పద్ధతి మార్చాలంటే పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి సమానమని చూపించాలి, అంటే మొదట్లో ఇంకా ఎక్కువ ఎలుకలు. ఇది మీరెవరూ చెప్పరు.

పీ_విలువ
ఇక్కడ ఎక్కువ ఎలుకలు అవసరం లేదు. ఇప్పుడు నడుస్తున్న టెస్టుల్లోనే ప్రతి ఎలుకకీ లక్షణం ఎప్పుడు కనిపించింది, ఎప్పుడు పోయింది రెండూ రాసుకుంటూ పోండి. కొన్ని బ్యాచ్‌లు అయ్యాక రెండు రకాలుగా పొటెన్సీ లెక్కకట్టి పక్కన పెట్టండి. డేటా మీ దగ్గరే పుడుతోంది, రాసుకోవడం లేదంతే.

బ్యాచ్_రిలీజ్
ఇది మా మేనేజర్‌కి చెప్తాను. నిజంగా.

మౌలాలి_మనిషి
అనుకోకుండా ఈ చర్చ చదివాను. మీరంతా ఎంత లెక్కలేసినా చివరికి చంపడమే కదా. అసలు ఈ ఎలుకలే ఎందుకు?

న్యూరో_నల్లకుంట
న్యాయమైన ప్రశ్న. కొన్నిటికి అక్కర్లేదు కూడా. కొత్త మందుల విషయంలో జంతువులు లేని పద్ధతుల ఫలితాలు కూడా తీసుకోవచ్చని మన దేశంలో 2023 మార్చిలో రూల్స్ మార్చారు. మన హబ్సిగూడ సీసీఎంబీ (కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ) ఇంక్యుబేషన్ సెంటర్‌లోనే మనిషి కణాలతో చేసే నమూనాల మీద ఒక కేంద్రం పెట్టారు. కానీ ఒంట్లో అన్ని అవయవాలూ ఒకేసారి దెబ్బతినే సెప్సిస్ లాంటి జబ్బుకి ప్లేటులో పెంచిన కణాలు ఇంకా సరిపోవడం లేదు. వాటికి ఎలుకలు అక్కర్లేని రోజు వచ్చేదాకా, వాడే ప్రతి ఎలుకా పడే బాధ తగ్గించాల్సింది మనమే.

మౌలాలి_మనిషి
పూర్తిగా ఒప్పుకోలేను, కానీ మీరు దీని గురించి ఇంత ఆలోచిస్తారని తెలియదు. చదువుతున్నాను, కొనసాగించండి.

ట్యూమర్_ట్రాకర్
బరువు గురించి ఒక మాట. "20 శాతం బరువు తగ్గితే ఆపాలి" అని అందరూ రాసేస్తారు. క్యాన్సర్ మోడల్‌లో అది మోసం చేస్తుంది. గడ్డ పెరుగుతుంది, పొట్టలో నీరు చేరుతుంది, తూకం మీద బరువు అలాగే ఉంటుంది, కింద ఎలుక మాత్రం ఎముకల గూడు అయిపోతుంది. అందుకే మేం 1999 నుంచి వాడుకలో ఉన్న బాడీ కండిషన్ స్కోరు చూస్తాం. 1 నుంచి 5 దాకా ఉంటుంది, వేలితో నడుము, తుంటి ఎముకల మీద తడిమితే చాలు. 2 కిందికి వస్తే ఆపేస్తాం. తూకం యంత్రం అక్కర్లేదు, కేజ్_కార్డు లాంటి వాళ్లకి ఒకసారి చూపిస్తే పట్టేస్తారు.

సీతాఫల్‌మండి_సోనీ
ముఖం చూసి నొప్పి చెప్పే గ్రిమేస్ స్కేల్ ఎవరూ ఎత్తలేదేం? 2010లో కెనడా మెక్‌గిల్ వాళ్లు పెట్టింది. కళ్లు చికిలించడం, ముక్కు, బుగ్గ ఉబ్బడం, చెవులు, మీసాలు, ఒక్కోదానికీ 0 నుంచి 2.

ఎలుకల_వెట్
నొప్పికి మంచిది, ఆపరేషన్ తర్వాత నొప్పి మందు సరిపోయిందా లేదా చూడటానికి మరీ మంచిది. చావు అంచనాకి ఒంటరిగా చాలదు. పైగా మనిషి ఎదురుగా ఉంటే ఎలుక దాచుకుంటుంది, వేటాడబడే జంతువు కదా. అదే మెక్‌గిల్ గ్రూపు 2014లో ఇంకో సంగతి చెప్పింది. గదిలో మగవాళ్లు ఉంటే, వాళ్లు వేసుకున్న టీషర్ట్ ఉన్నా సరే, ఎలుకలు ఒత్తిడికి గురై నొప్పి తక్కువ చూపిస్తాయట.

సీతాఫల్‌మండి_సోనీ
అయిపోయింది. మా ల్యాబ్ అబ్బాయిలు ఈ పోస్ట్ చూస్తే ఆదివారం డ్యూటీలన్నీ మాకే 😄

తుర్కపల్లి_షటిల్
అబ్బాయిలు ఆల్రెడీ స్క్రీన్‌షాట్ తీశారు 😄

కమిటీ_కుర్చీ
నేను ఒక సంస్థ ఎథిక్స్ కమిటీలో ఉన్నాను. 1960 జంతు హింస నివారణ చట్టం 17వ సెక్షన్ ప్రయోగాలు జాగ్రత్తగా, మానవత్వంతో జరగాలంటుంది. మత్తులో ఉండగా బాగా గాయపడి, కోలుకుంటే తీవ్రమైన బాధ తప్పదనుకున్న జంతువుని మత్తు దిగకముందే ముగించాలని కూడా అందులోనే ఉంది. కాబట్టి "మధ్యలో ఆపడం" చట్టానికి కొత్త ఆలోచన కాదు.

స్కాలర్ గారూ, మీ విషయంలో కొత్త ప్రోటోకాల్ అక్కర్లేదు. ఉన్నదానికే అమెండ్‌మెంట్ (సవరణ) పెట్టండి. బాధ తగ్గించే మార్పుకి ఏ కమిటీ అయినా అడ్డు చెప్పడం నేను చూడలేదు. అందులో కేజ్_కార్డు చెప్పింది తప్పకుండా రాయండి: ఈ స్కోరు దాటితే డ్యూటీలో ఉన్న ట్రైన్డ్ మనిషి వెట్‌కి ఫోన్ చేస్తారు, వెట్ ఓకే అంటే గైడ్ కోసం ఆగకుండా యూథనేషియా (బాధ లేకుండా ముగించడం) చేస్తారు అని. అధికారం కాగితం మీద ఉంటే కింది ఉద్యోగికి భయం ఉండదు.

పీ_విలువ
ఇక గైడ్ గారి అసలు అభ్యంతరం. "మరణం" అనేది కచ్చితమైన డేటా, "హ్యూమేన్ ఎండ్‌పాయింట్" (బాధ ముదరకముందే ఆపే గీత) అనేది మన అభిప్రాయం అని ఆయన అనుకుంటున్నారు. స్కాలర్ గారు మొదటి పోస్టులో ఏం రాశారో చూడండి. పొద్దున్నే తెరిస్తే కొన్ని చనిపోయి ఉంటాయి. ఎప్పుడు పోయాయి? సాయంత్రం ఆరు నుంచి పొద్దున తొమ్మిది మధ్యలో ఎప్పుడో. ఎలుకలు రాత్రి జీవులు, మనం లేనప్పుడే అన్నీ జరుగుతాయి. ఆ కర్వ్‌లో మెట్లన్నీ మన ఆఫీస్ టైమింగ్స్ ప్రకారం పడతాయి. దాన్ని కచ్చితమైన టైమ్ అనడం ఎట్లా?

చనిపోయి గంటలైన ఎలుక నుంచి ఇంకేం వస్తుంది? పేగు, కాలేయం కుళ్లడం మొదలవుతుంది. రక్తం గడ్డకడుతుంది. ఒక్కోసారి పక్క ఎలుకలు కొరికేస్తాయి. అదే గీత దాటిన వెంటనే ఆపితే రక్తం, కణజాలం, బ్యాక్టీరియా లెక్క, అన్నీ ఒకే దశలో దొరుకుతాయి. అంటే గైడ్ గారికి కావాల్సిన డేటా తగ్గదు, పెరుగుతుంది.

పేపర్‌లో ఇలా రాయండి: "గీత దాటినా, చనిపోయి కనిపించినా రెండూ ఒకే సంఘటనగా లెక్కించాం, స్కోరు వేసినవారికి గ్రూపులు తెలియవు." రెండు గ్రూపుల కర్వ్‌లని పోల్చే లాగ్‌ర్యాంక్ టెస్ట్ అలాగే నడుస్తుంది. గ్రూపు తెలిసిన మనిషి స్కోరు వేయకూడదన్నది మాత్రం తప్పనిసరి. మందు మీద ఆశ ఉన్నవాళ్లకి మందు ఇచ్చిన ఎలుక ఎప్పుడూ కాస్త బాగున్నట్టే కనిపిస్తుంది.

ఎలుకల_వెట్
దీనికి తోడు, సెప్సిస్ వాళ్లు ప్రత్యేకంగా చూడాల్సింది ఒకటుంది. 2017లో వియన్నాలో సెప్సిస్ నిపుణులు కూర్చుని జంతు మోడల్స్‌కి కనీస నాణ్యత సూచనలు తయారుచేశారు. ఎంక్యూటిప్స్ అనే పేరుతో వచ్చాయి. హ్యూమేన్ ఎండ్‌పాయింట్లు, నొప్పి మందు, యాంటీబయాటిక్, ఫ్లూయిడ్స్ అన్నీ ఉంటాయి. ఆసుపత్రిలో సెప్సిస్ పేషెంట్‌కి ఇవన్నీ ఇస్తారు కదా, ఏమీ ఇవ్వని ఎలుక మీద పనిచేసిన మందు మనిషికి పనిచేస్తుందని ఎట్లా అనుకుంటాం? రివ్యూయర్లు ఒప్పుకోరని గైడ్ గారు భయపడుతుంటే ఆ సూచనలు ముందు పెట్టండి.

బ్యాచ్_రిలీజ్
నొప్పి మందు అంటే బుప్రెనార్ఫిన్ దొరకడమే కష్టం ఇక్కడ. లైసెన్సు, స్టాకు రిజిస్టర్, ఒక పెద్ద తతంగం.

కమిటీ_కుర్చీ
అవును, ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల నియంత్రణ) చట్టం కిందికి వస్తుంది. కష్టమే కానీ సంస్థ తరఫున లైసెన్సు ఒకసారి తీసుకుంటే అన్ని ల్యాబ్‌లకీ పనికొస్తుంది. ఒక్కో స్కాలర్ విడిగా తిరగక్కర్లేదు.

తుర్కపల్లి_షటిల్
టైమింగ్ గురించి నేనొకటి చెప్తా. శుక్రవారం సాయంత్రం ఇన్ఫెక్షన్ ఇచ్చి ఇంటికి వెళ్లిపోవడం చాలా చోట్ల చూశాను. ముదిరేది శని, ఆదివారాల్లో. ఇక నిమజ్జనం రోజైతే ఫోన్ చేసినా ట్యాంక్‌బండ్ దాటి ఎవరూ రాలేరు. పైలట్‌లో చావులు ఎన్ని గంటలకి మొదలవుతాయో తెలుస్తుంది కదా, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టి, ఆ గంటలు పనిదినం పగటిపూట పడేలా ఇన్ఫెక్షన్ టైమ్ పెట్టండి. రూపాయి ఖర్చు లేదు. ఆ కిటికీలో నాలుగు గంటలకోసారి, మిగతా టైమ్‌లో రోజుకి రెండుసార్లు చూస్తే చాలు.

కేజ్_కార్డు
లైట్లు ఆరే ముందు ఒకసారి తప్పకుండా చూడాలి. పగలు బాగున్నవి కూడా పడుకునే ఉంటాయి, తేడా తెలియదు. ఇంకోటి, నీరసంగా ఉన్నదానికి పైన గ్రిల్‌లో ఉన్న తిండి అందదు. గుళికలు నీళ్లలో నానబెట్టి కింద గిన్నెలో పెట్టండి. తిండి అందక చనిపోయేవి కొన్ని దీంతోనే నిలబడతాయి.

పీ_విలువ
ఇది అన్ని గ్రూపులకీ ఒకేలా చేయాలి, జబ్బుగా కనిపించిన కేజ్‌కి మాత్రమే కాదు.

తార్నాక_స్కాలర్
అందరి పోస్టులూ ప్రింట్ తీసుకుని గైడ్ దగ్గరికి వెళ్లాను. రాత్రి చావుల టైమ్ గురించి పీ_విలువ గారు రాసింది చదివి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పాత రిజిస్టర్లు తెమ్మన్నారు. చనిపోయిన టైమ్ అని రాసినవన్నీ దాదాపు పొద్దున తొమ్మిది, తొమ్మిదిన్నరే. అమెండ్‌మెంట్ పెట్టడానికి ఒప్పుకున్నారు. ముందు పైలట్, అందులో కూడా పడుకోబెడితే లేవలేని ఎలుకని ఉంచకూడదు అన్నది ఆయనే చేర్చారు. మా యానిమల్ హౌస్‌లో పనిచేసే అన్న పేరు కూడా స్కోరు వేసేవాళ్లలో ఉంటుంది.

ఒక్క సందేహం మిగిలింది. వేడి దేనితో కొలవాలి? రెక్టల్ ప్రోబ్ ఉంది, కానీ జబ్బు ఎలుకని పట్టుకుని గుచ్చాలంటే మనసొప్పడం లేదు.

ఎలుకల_వెట్
ప్రోబ్ వద్దు. పట్టుకున్న కంగారుకే వేడి మారుతుంది, మాటిమాటికీ పెడితే గాయం కూడా అవుతుంది. డబ్బుంటే చర్మం కింద పెట్టే టెంపరేచర్ చిప్, ఐడీ నంబర్ కూడా అందులోనే వస్తుంది. లేకపోతే ఇన్ఫ్రారెడ్ గన్, ఛాతీ ఎముక కింద పొట్ట మీద. లోపలి వేడి కంటే తక్కువ చూపిస్తుంది, కాబట్టి పేపర్లలో ఉన్న 30 అంకెతో పోల్చకండి. మీ గన్‌తో మీ ఎలుకల్లో వచ్చిన గీతే మీ గీత.

కేజ్_కార్డు
గన్ ఎప్పుడూ ఒకే దూరంలో పెట్టండి, ఒకే మనిషి కొలిస్తే ఇంకా మంచిది. తడి బెడ్డింగ్‌లో పడుకుని లేచినదానికి పొట్ట తడిగా ఉంటుంది, తుడిచి కొలవాలి. లేకపోతే బాగున్నది కూడా చల్లగా చూపిస్తుంది.

పీ_విలువ
పైలట్ అయ్యాక గ్రూప్ పేర్లు తీసేసి ఎక్సెల్ షీట్ ఇక్కడే పెట్టండి. గీత ఎక్కడ గీయాలో కూర్చుని చూద్దాం.